కుడి వెనక చక్రం

పైకి నడక, 11వ రోజు

ఈ పుస్తకంలో అబ్బులు మేస్త్రి రోజుకి రెండే ముక్కలు రాసేవాడు. "చక్రాలు బాగున్నాయి." ఇరవై ఆరేళ్ళు ఇదే వరస. బాగోని రోజైతే ఏ ఇల్లో, ఏ చక్రమో రాసి ఊరుకునేవాడు. ఆయన పోయి, పుస్తకం నా చేతికొచ్చి పదకొండు నెలలు దాటింది. అప్పుడే సగానికి పైగా నింపేశాను. నాకు నోరెక్కువని అందరూ అంటారు. నోరెక్కువైన మనిషికి పెన్ను కూడా ఇస్తే ఇలాగే ఉంటుంది.

ఎండాకాలం పల్లంలో ఉండలేం, ట్రాక్టర్లతో ఇళ్ళు లాక్కుంటూ కొండపైన మైదానానికి పోతాం. పొద్దున్న తొమ్మిదికల్లా ఎండ ముదిరింది, ఆగాం. ట్రాక్టర్ల మీద పలకలు విప్పి ఎండకి పెట్టారు, సాయంత్రం నడకకి కరెంటు నిండాలి కదా. మగవాళ్ళు ఇళ్ళ మీద నీడపట్టాలు లాగుతుంటే నేను నా వరస మొదలెట్టాను. అరవై మూడు ఇళ్ళు, ఇంటికి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. ప్రతి చక్రం దగ్గరా వంగి, నడిమధ్యన ఉండే హబ్బు మీద చేతి వెనకవైపు ఆనించి పది లెక్కపెట్టాలి. పదిదాకా చెయ్యి ఆగితే లోపల బేరింగు సుఖంగా ఉన్నట్టు. ఏడు దగ్గర లాగేసుకుంటే మర్నాడు మళ్ళీ చూడాలి. నాలుగు దగ్గరే లాగేసుకుంటే విప్పాల్సిందే, వేరే మాట లేదు.

వేడి కొలిచే యంత్రం కూడా ఒకటుంది. మేస్త్రి దాన్ని డబ్బాలోంచి తియ్యనిచ్చేవాడు కాదు. "యంత్రం పాడైతే చెయ్యి ఉంటాది. చెయ్యి పాడైతే ఏం చేత్తావే?" అనేవాడు. తన చెయ్యే పాడవుతుందని అప్పట్లో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

ఈరోజు రెండొందల యాభై ఒక్క చక్రాలకి పది. ఒక్కదానికి ఆరు. అది మంగాయమ్మ అత్త నీలం ఇంటి కుడి వెనక చక్రం. మేస్త్రి ఇల్లు అది. ఇన్ని చక్రాలుండగా దానికే రావాలా అనిపించింది.

పైకి నడక, 12వ రోజు

ఐదు.

మంగాయమ్మ అత్తకి చెప్పక తప్పలేదు. మెట్టు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. మేస్త్రి పెళ్ళాం కాబట్టి చక్రాల సంగతి ఆవిడకి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

"కుడి వెనకది వేడెక్కుతుంది అత్తా."

"తెలుసు. రెండ్రోజులబట్టి సన్నంగా కూత్తంది. నా మంచం సరిగ్గా దాని మీదే కదా, నాకు ఇనపడదా?"

"మరి చెప్పవేం?"

"చెప్తే నువ్వు ఇప్పుతానంటావు."

"ఇప్పాలి మరి."

"ఆయన చేతి ఏడాది ఇంకా పదిహేను రోజులుంది నూకా. అయ్యాక ఇప్పుకో."

చేతి ఏడాది మా అందరికీ ఉన్న ఆనవాయితీ. మేం బేరింగుకి గ్రీజు యంత్రంతో పట్టించం. అరచేతిలో ఆముదం గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచుని అందులోకి నొక్కి నొక్కి, రోలర్ల సందుల్లోంచి అవతలికి గ్రీజు పొంగుకొచ్చేదాకా కూరతాం. పనయ్యాక హబ్బు మూత మీద తడి సున్నంలో బొటనవేలు ఒత్తుతాం. ఎవరు చేశారో ఆ ముద్రే చెబుతుంది. ఆ మనిషి పోతే, ఆఖరిసారి కూరిన గ్రీజు ఏడాదిపాటు కదపం. సముద్రం మా లంకల్ని మింగేశాక మాకు పోయినవాళ్ళని పెట్టుకోడానికి మట్టి లేదు. ఇంటిని మోసే చోట వాళ్ళ చెయ్యి ఇంకో ఏడాది ఉందనుకుంటాం. ఏడాది తిరిగాక విప్పి, పాత గ్రీజు తుడిచిన గుడ్డని వాన మొదలయ్యే రోజున కాలుస్తాం.

అత్త ఇంటి నాలుగు మూతల మీదా మేస్త్రి బొటనవేలే ఉంది. దాన్ని ఆవిడ రోజూ పొద్దున్నే తడిగుడ్డ తగలకుండా చుట్టూ తుడుస్తుంది.

"పదిహేను రోజులు ఆగదు అత్తా. ఇంకో ఆర్రోజుల్లో ఘాటు రోడ్డు ఎక్కుతున్నాం."

"ఆయన కూరింది ఆగదా? ఇరవై ఆరేళ్ళలో ఆయన చేతి కింద ఒక్క చక్రం ఆగిందా చెప్పు?"

నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే ఏదో ఉందని ఆవిడ కనిపెట్టాల్సింది. చింతపండు మీద దృష్టి ఉంది, కనిపెట్టలేదు.

పైకి నడక, 14వ రోజు

నాలుగు. మధ్యాహ్నం మూత పక్కనుంచి చూస్తే చక్రం లోపలివైపు టైరు మీద నల్లగా గ్రీజు చారలు. కారుతోంది.

ముందుబండి తాతబ్బాయిగారు నన్ను పిలిపించాడు. నడక మొత్తం ఆయన మాట మీదే జరుగుతుంది. కోపం లేని మనిషి. అందుకే ఆయన చెప్పే గట్టి మాట ఇంకా గట్టిగా తగులుతుంది.

"నూకరత్నం, ఆ నీలం ఇల్లు సంగతేంటి?"

"చూత్తన్నానండి."

"చూడ్డం కాదమ్మా. ఘాటు మీద ఇరవై రెండు మలుపులు. ఒకటే దారి. మధ్యలో చక్రం పట్టేత్తే ఎనకాల ఉన్నోళ్ళంతా ఎండలో నిలబడిపోతారు. పిల్లలున్నారు, బాలింతలున్నారు. అప్పుడు ఏం చెయ్యాలో నీకు తెలుసు."

తెలుసు. రెండేళ్ళ క్రితం పసుపుపచ్చ ఇంటి ఇరుసు విరిగింది తొమ్మిదో మలుపులో. పావుగంట చూశారు. తర్వాత పాతికమంది భుజాలు పెట్టి లోయలోకి తోశారు. ఆ ఇంటాయన కూడా భుజం పెట్టాడు. గిన్నెలు దొర్లిన చప్పుడు కిందిదాకా వినపడింది.

"ఎల్లుండి సాయంత్రందాకా చూత్తాను. ఆ చక్రం బాగైతే సరే. లేకపోతే ఇల్లు కిందే వదిలేద్దాం. మంగాయమ్మగారిని మా ఇంట్లో కూర్చోబెట్టుకుంటాను."

"ఆయ్" అన్నాను.

కింద వదిలేసిన ఇల్లు మళ్ళీ ఇల్లులా దొరకదు. రెండు నెలల ఎండకి కప్పు జారిపోతుంది, టైర్లు రోడ్డుకి అతుక్కుపోతాయి. ముప్పై ఒక్క సంవత్సరాలు వాళ్ళిద్దరూ బతికిన ఇల్లు అది. ఆవిడకి పిల్లల్లేరు. ఇల్లు తప్ప ఇంకేం లేదు.

పైకి నడక, 15వ రోజు

మేస్త్రీ, ఈ పేజీ నువ్వు చదవవు కాబట్టి రాస్తున్నాను. చదివితే తిట్టేవాడివి.

నిరుడు పైకి నడక మొదలయ్యేముందు ఆయన ఇంటి చక్రాలకి గ్రీజు మార్చే వంతు వచ్చింది. అప్పటికే చేతులు బాగా వణుకుతున్నాయి. గ్లాసుడు మజ్జిగ తాగితే సగం చొక్కా తాగేది. అత్త గింజలు మార్చుకోడానికి పక్క మజిలీకి వెళ్ళిన రోజు చూసి నన్ను పిలిచాడు. ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పాడు, నేను చేశాను. జాకీ ఎత్తడం, నట్టు వదులవకుండా పట్టే కాటర్ పిన్ను లాగడం, బేరింగులు కడగడం, కూరడం, అన్నీ నేనే. నాలుగు చక్రాలూ. ఆయనతో ఒక్కదానిమీదే గొడవ పడ్డాను, అదీ ఎప్పుడూ ఉండేదే. హబ్బు వెనకవైపు, గ్రీజు కారకుండా ఆపే రేకు రింగు, సీలు, ఎక్కించేటప్పుడు నేను చెక్కముక్క అడ్డం పెట్టి కొడతాను. ఆయన చిన్న సుత్తితో సీలు అంచునే నేరుగా కొట్టేవాడు, చుట్టూ పదకొండు దెబ్బలు, ముగ్గు చుక్కల్లా సమానంగా. "చెక్క పెట్టేది చేతనవ్వనోళ్ళు" అని ఆ రోజు కూడా ఎగతాళి చేశాడు.

ఆఖర్న నాలుగు మూతల మీదా సున్నం పూసి ఇచ్చాను. తన బొటనవేలు ఒత్తాడు. వణుక్కి ఒకటి రెండు చెరిగితే మళ్ళీ పూశాను. "మంగకి చెప్పకే" అన్నాడు. "ఆయ్" అన్నాను. మర్నాడు సీళ్ళ డబ్బాలో ఒకటి తగ్గింది. నేనే ఎక్కడో పారేసి ఉంటానని ఆయనంటే, నిజమేననుకుని సాయంత్రందాకా గడ్డిలో వెతికాను. మరో మూడు వారాలకి ఆయన పోయాడు.

కాబట్టి ఆ చక్రంలో ఉన్నది మేస్త్రి చెయ్యి కాదు. నాది. కారుతున్నదీ నా పనే. అత్త పూజించుకుంటున్నది నా తప్పుని.

ఇవాళ పన్నెండింటికి వెళ్ళి చెప్పేశాను. ఆయనకిచ్చిన మాట తప్పాను. ఇల్లు పోవడం కంటే మాట పోవడం నయమనుకున్నాను.

అత్త బియ్యం చేట కింద పెట్టింది. "నాలుగూనా?" అంది.

"నాలుగూ."

"ఆయన ఒక్కటీ ముట్టుకోలేదా?"

"మూతలు ముట్టుకున్నాడు."

చేతులు దులుపుకుని లేచింది. తిట్టినా బాగుండేది. "పదకొండు నెలలు నువ్వు నా ఎదురుగా వచ్చి పోతానే ఉన్నావు నూకా" అని, లోపలికెళ్ళి తలుపేసుకుంది. నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను. ఎండ నా కాళ్ళ మీదకొచ్చింది. లేవబుద్ధి కాలేదు.

ఒక గంటకి తలుపు తీసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "రేపు ఇప్పుకో. ఇంక అందులో నాకేం ఉంది" అంది.

పెళ్ళయిన రెండేళ్ళకి నా మొగుడు వేరే నడకతో వెళ్ళిపోయినప్పుడు కూడా నాకు ఇంత ఒంటరిగా అనిపించలేదు.

పైకి నడక, 16వ రోజు

ఈరోజు వివరంగా రాస్తాను. తర్వాత ఈ పుస్తకం పట్టేవాళ్ళకి పనికొస్తుంది.

ఆగగానే మొదలెట్టాను. మిగతా చక్రాలకి అడ్డు రాళ్ళు పెట్టి, ఇరుసు పక్కన చట్రం కింద జాకీ ఆనించి ఎత్తాను. చక్రం చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు గరగరమంది. అత్త నా పనికి వీపు పెట్టి, మెట్టు మీద కూర్చుంది. చూడనంటుంది, వెళ్ళదు.

మూత జాగ్రత్తగా ఊడదీసి, మేస్త్రి ముద్ర చెరక్కుండా గుడ్డమీద పెట్టాను. కాటర్ పిన్ను తీశాను, నట్టు విప్పాను. బయటి బేరింగు అరచేతిలోకి జారింది. ఫర్వాలేదు, రంగు మారలేదు. హబ్బు మొత్తం లాగి, బోర్లించాను.

సీలు పక్కకి ఒరిగి ఉంది. ఒకవైపు లోపలికి దిగింది, ఇంకోవైపు గోరు దూరేంత సందు. ఆ సందులోంచి ఏడాదిగా గ్రీజు కొంచెం కొంచెంగా కారింది, దుమ్ము లోపలికి పోయింది. లోపలి బేరింగు రోలర్లు నీలంగా కమిలాయి. అది ఇంక పనికిరాదు. ఘాటు మీద మూడో మలుపుకే పట్టేసేది.

నన్ను నేను తిట్టుకుంటూ సీలు తుడిచాను. తుడిచింది వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.

సీలు రేకు నిండా సుత్తి దెబ్బలున్నాయి.

నా సీళ్ళ మీద దెబ్బలుండవు. చెక్క పెడతాను కదా. అనుమానం తీరక, పక్కన ఎడమ చక్రం వెనక్కి పాకి టార్చి వేసి చూశాను. నున్నగా ఉంది, నేను పెట్టింది పెట్టినట్టు. ముందరివి రెండూ అంతే. ఇదొక్కటే. దెబ్బలు లెక్కపెట్టాను, ఇరవై మూడు. ఒకటి అంచు మీద, ఒకటి మధ్యలో, రెండు పక్కకి జారి హబ్బు ఇనుము మీద. ముగ్గు చుక్కలు కాదు, ఎక్కడపడితే అక్కడ.

వణికే చెయ్యి కొట్టిన దెబ్బలు.

సీళ్ళ డబ్బాలో తగ్గిన ఒకటి ఎటు పోయిందో అప్పుడు తెలిసింది. విప్పిన సీలు మళ్ళీ పెట్టడానికి ఉండదు, కొత్తది కావాలి. నేను వెళ్ళిపోయాక ముసలాయన ఒక్కడే జాకీ ఎత్తి, నేను చేసింది విప్పేసి, మళ్ళీ మొత్తం తన చేత్తో చేశాడు. మర్నాడు నన్ను గడ్డిలో వెతికించి, పీట మీద కూర్చుని చూశాడు.

"అత్తా" అన్నాను. "అత్తా, ఇటు రా."

"ఏంటి?"

"నిన్న నేను చెప్పింది అబద్ధం. నాకు తెలీకుండా అబద్ధమైంది. ఇది ఆయన చెయ్యే."

వచ్చి నా పక్కన నేల మీద కూలబడింది. సీలు చేతిలో పెట్టి అంతా చెప్పాను. చెక్క సంగతి, డబ్బా సంగతి. దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి చివరి ముక్క కూడా చెప్పాను. "సరిగ్గా కొట్టలేకపోయాడు. వంకరగా దిగింది. ఇల్లు లోయలో పడాల్సింది దీనివల్లే."

అత్త ఒక్కో దెబ్బ మీదా వేలు పెట్టి చూసుకుంటోంది. "ఆ రోజు నేను గింజలు తెచ్చేసరికి చొక్కా నిండా గ్రీజు" అంది. "ఏంటి ఈ ఏషం అన్నాను. నూకా పని నేర్చుకుంటే నాకు అంటుకుందన్నాడు. ఆ చొక్కా ఉతకలేక నిన్నెన్ని తిట్టానో."

నాకు ఇంకో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఉండబట్టలేక అనేశాను. "నా పని నచ్చలేదన్నమాట ఆయనకి. నాలుగేళ్ళు నేర్పి, నేను చేసింది విప్పేసి మళ్ళీ చేసుకున్నాడు."

"నచ్చకపోతే నాలుగూ ఇప్పేవోడు" అంది అత్త. "మూడు నీకు వదిలేసి ఇదొక్కటే ఎందుకు ఇప్పాడో ఎరగవా? తలెత్తి చూడు."

తలెత్తాను. మా తలల మీద ఇంటి అడుగుచెక్క ఉంది, అంతే.

"దాని పైన ఏముంది?" అంది.

ఆవిడ మంచం ఉంది.

ఇద్దరం ఏడ్చాం. దాచుకోడానికి ఏముంది, బాగానే ఏడ్చాం. మధ్యలో అత్తే ముందు నవ్వింది, ముక్కు చీదుకుంటూ. "ఇరవై మూడు కొట్టాడు, ఒక్కటి తిన్నగా పళ్ళేదు ముసలోడికి" అంది.

నా పెట్టెలో పాత లారీనుంచి తీసిన లోపలి బేరింగు ఒకటుంది, దాచుకున్నది. అది బయటికి తీశాను. మేస్త్రి కూరిన గ్రీజు మొత్తం గుడ్డతో తుడిచి, గుడ్డ అత్తకిచ్చాను. హబ్బు, ఇరుసు కొస, అన్నీ శుభ్రంగా కడిగాను. పాత గ్రీజు మీద కొత్తది కూరకూడదు. అందులో నలిగిన ఇనుప పొడి కొత్తదాన్ని కూడా తినేస్తుంది.

తర్వాత అత్త అరచేతిలో కొత్త గ్రీజు ముద్ద పెట్టాను.

"నేనా?" అంది. "ముప్పై ఏళ్ళు ఈ జిడ్డు చొక్కాల్లోంచి వదలగొట్టినదాన్ని."

"నీ మంచం కింద కదా. కూరు."

బేరింగు అరచేతికేసి నొక్కింది. ముందు భయం భయంగా. రోలర్ల మధ్య గాలి మిగిలిపోయింది. ఆవిడ కదా, పోన్లే అనుకుందామనుకున్నాను. నోరు ఊరుకోలేదు. "మళ్ళీ" అన్నాను. మేస్త్రి నాతో అన్నట్టే అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి నాకేసి చూసి, మళ్ళీ నొక్కింది. మూడోసారికి అవతలి అంచు పొడుగునా గ్రీజు పొంగింది.

సీలు నేనే ఎక్కించాను, చెక్క పెట్టి. నట్టు బిగిస్తూ చక్రం తిప్పి, మళ్ళీ వదులు చేసి, వేళ్ళతో ఆనేంతవరకే తిప్పి, కొత్త కాటర్ పిన్ను గుచ్చి మడిచాను. పైనా కిందా పట్టుకుని ఊపితే కదల్లేదు. తిప్పితే చప్పుడు లేదు.

మూత మీద పాత ముద్ర ఉంది. దాని పక్కన కొంచెం సున్నం పూశాను. అత్త తన బొటనవేలు ఒత్తింది.

సాయంత్రం తాతబ్బాయిగారు వచ్చి చక్రం తిప్పి చూశాడు. రెండు ముద్రలూ చూశాడు. అత్తకి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

పైకి నడక, 18వ రోజు

చక్రాలు బాగున్నాయి.

ఈ ఒక్కరోజైనా మేస్త్రిలా రాసి ఊరుకుందామనుకున్నాను. నా వల్ల కావడంలేదు.

ఘాటు మీద ఇళ్ళల్లో ఎవరూ ఉండకూడదు, అందరూ నడవాలి. అత్త ఇరవై రెండు మలుపులూ కుడి వెనక చక్రం పక్కనే నడిచింది. ప్రతి మలుపు దగ్గరా ట్రాక్టరు మూలుగుతుంటే ఆవిడ చెయ్యి ఇంటి గోడమీదకి పోయేది. తొమ్మిదో మలుపులో ఇద్దరం కిందికి చూడలేదు. పద్దెనిమిదో మలుపులో నేను వెనకబడ్డాను. ఆవిడే నా మోచెయ్యి పట్టుకుని లాగింది. "మేస్త్రివి, ముందు నువ్వు పైకి రావే" అంది. నన్ను ఎవరైనా మేస్త్రి అనడం ఇదే మొదటిసారి.

పొద్దున్న ఎనిమిదిన్నరకి అరవై మూడు ఇళ్ళూ పైన ఉన్నాయి. గాలి చల్లగా తగిలింది. మిగతా మూడు చక్రాలకీ చేతి ఏడాది ఉందా అని అడిగాను. "అవి నీ చేతియి. నువ్వు బతికే ఉన్నావు కదా, పాడైతే ఇప్పేసెయ్" అంది.

పైన మైదానం, 1వ రోజు

ఈరోజు నడక తక్కువ, రెండు గంటలే. మైదానం మీద ఇళ్ళల్లో కూర్చోవచ్చు. ఆగాక వరస మొదలెట్టాను. నీలం ఇంటి దగ్గరకి వచ్చేసరికి తలుపు తీసే ఉంది, అత్త కనపడలేదు. కిటికీలోంచి మంచం తలవైపు గోడకి మేకు, మేకుకి వేలాడుతున్న సీలు కనిపించాయి. ఇరవై మూడు దెబ్బలూ బయటివైపు తిప్పి పెట్టుకుంది.

వంగి, కుడి వెనక హబ్బు మీద చెయ్యి ఆనించాను. రెండు, మూడు, నాలుగు. అడుగుచెక్క అవతలనుంచి గురక వినపడింది. బండి నడుస్తుండగానే నిద్రపోయింది, ఆగిందని కూడా తెలీలేదు. పది రోజులయ్యుంటుంది ఆవిడ నడకలో కునుకు తీసి. పది అయ్యింది. చెయ్యి తియ్యలేదు. పదకొండు, పన్నెండు, పదమూడు. మేస్త్రి కూడా ఇలాగే ఇక్కడే వంగి ఉండి ఉంటాడని లెక్కపెడుతూనే ఉన్నాను.